కర్రసాము నిజం దెబ్బలాటకి పనికొస్తుందా? రెండు చోట్లా దెబ్బలు తిన్నవాడి జవాబు

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: “మా వాడికి పదకొండేళ్లు. మా ఊళ్లో ఒక పెద్దాయన కర్రసాము నేర్పుతున్నారు, ఫీజు కూడా లేదు. టౌన్లో బాక్సింగ్, తైక్వాండో క్లాసులున్నాయి. కర్రసాము పండగల్లో చూడ్డానికి బాగుంటుంది గానీ, రేపు నిజంగా ఎవడైనా మీద పడితే ఉపయోగపడుతుందా? లేక అదంతా ఊరేగింపు సరుకేనా?”

ఈ “ఊరేగింపు సరుకు” అన్నమాట మా ఊరి రచ్చబండ దగ్గర అని ఉంటే ఎవరో ఒకరు కర్ర తెచ్చుకోవడానికి ఇంట్లోకి వెళ్లేవారు. నాకూ కొంచెం చురుక్కుమంది. కానీ దాచుకోవడం దేనికి, పంతొమ్మిదో ఏట నేనూ అచ్చంగా ఆ మాటే అనుకున్నాను.

మాది అమలాపురానికి దగ్గర్లో ఒక పల్లెటూరు. మా వైపు దసరా చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. అమలాపురంలో వీధి వీధికీ ఒక వాహనం కడతారు, దాని ముందు చెడీ తాలింఖానా ఆడతారు. కొంకాపల్లి, మహిపాల వీధి పేర్లు కోనసీమలో ఎవర్ని అడిగినా చెబుతారు. కర్రలు, పట్టాకత్తులు, బల్లేలు, అగ్గిబరాటాలు. కళ్లకి గంతలు కట్టుకున్నవాడు పడుకున్న మనిషి ఒంటి మీద పెట్టిన కాయని కత్తితో నరుకుతుంటే, చూసేవాళ్లకి ఊపిరాడదు. అందులో ఆడాలన్న పిచ్చితోనే తొమ్మిదో ఏట నేను కర్ర పట్టుకున్నాను.

మాకు నేర్పిన వస్తాదు గారు వరసకి నాకు తాత. ఆయన పని కొబ్బరికాయలు వలవడం. రోజంతా గునపం మీద కాయలు వలిచిన ముంజేతులు ఎలా ఉంటాయో చూసినవాళ్లకే తెలుస్తుంది, కొబ్బరి మొద్దుల్లాగే ఉండేవి. తెల్లవారుజామున తోటలో నేర్పేవారు. కనుబొమ్మ ఎత్తు గట్టి వెదురు, దానికి ఆముదం పట్టింపు. మొదటి ఆరు నెలలూ కర్ర పేరుకే, అంతా అడుగులే. కాలు ఎటు వెయ్యాలి, ఏ అడుగుకి ఒళ్లు ఎటు తిరగాలి. ఆ తర్వాత తిప్పుడు. ఆ తర్వాత జోడీలు: ఎదుటివాడు తల మీద కొడతాడు, నేను కాస్తాను, నేను మోకాలికి కొడతాను, వాడు ఎగురుతాడు. పదేళ్లు చేశాను. రెండు కర్రలు రెండు చేతుల్తో తిప్పుతుంటే చుట్టూ చేరిన పిల్లలకి కర్ర కనపడేది కాదు, గాలి చప్పుడే వినపడేది. నేనో వీరుణ్ణని నాకు గట్టి నమ్మకం.

తర్వాత కాకినాడలో చదువుకి చేరి, బాక్సింగ్‌కి వెళ్లాను. రెండో నెలలో కోచ్ నన్ను నాకన్నా బక్కగా, రెండేళ్లు చిన్నగా ఉన్న కుర్రాడితో రెండు నిమిషాలు ఆడమన్నాడు. వాడి ఎడం చెయ్యి నా ముక్కు మీద మూడుసార్లు పడింది. పెద్ద దెబ్బలు కూడా కాదు. కళ్లలో నీళ్లొచ్చాయి, కోపం వచ్చింది, పదేళ్ల అడుగులు ఎక్కడికి పోయాయో పోయాయి, మేకపోతులా తల వంచుకుని మీదికి పోయాను. వాడు పక్కకి జరిగాడు. నేను తాళ్లకి గుద్దుకున్నాను. ఇదీ వీరుడి కథ.

ఆ రాత్రి హాస్టల్లో పడుకుని ఆలోచిస్తే ఒకటే తట్టింది. పదేళ్లలో నన్ను కొట్టాలనుకుని కొట్టినవాడు ఒక్కడూ లేడు. జోడీలో దెబ్బ ఎక్కడికి వస్తుందో నాకు ముందే తెలుసు. నా చెయ్యి దెబ్బని చూసి లేవలేదు, లెక్క చూసి లేచింది.

మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉందని నా నమ్మకం. పాతది, కొత్తది అనే తేడా కన్నా, ఎదురు తిరిగేవాడితో చేస్తున్నామా, ఒప్పుకున్నవాడితో చేస్తున్నామా అన్నదే పెద్ద తేడా. జపాన్‌లో జిగొరో కానో 1882లో జూడో మొదలుపెట్టినప్పుడు చేసిన పని చూడండి. అక్కడి పాత కుస్తీ విద్య జుజుత్సులో కీళ్లు విరిచేవి, మనిషిని పాడుచేసేవి చాలా ఉండేవి. అలాంటి ప్రమాదమైనవాటిని ‘కతా’ అనే వరసలకే ఉంచి, ప్రమాదం తక్కువైన పడవేతలు, పట్లు మాత్రం ఒకరినొకరు పూర్తి బలంతో పడగొట్టుకునే ‘రందోరి’లో పెట్టాడు. అసలు యుద్ధవిద్యని ఆట చేసి నీరుగార్చాడని అప్పట్లో అనుకున్నవాళ్లు తప్పకుండా ఉండి ఉంటారు. కానీ కన్ను పొడిచే విద్యని రోజూ ఎవరి కంట్లో సాధన చేస్తాం? పడగొట్టడం అయితే రోజుకి వందసార్లు, నిజంగా వద్దనేవాడి మీద చెయ్యొచ్చు. జపాన్‌వాళ్లే కత్తికి కూడా ఇదే చేశారు, వెదురు కత్తి, ఒంటికి కవచం. కెండో అంటే అదే.

అంటే ఆటే నిజం, మన సాము అబద్ధం అంటున్నానా? అదీ కాదు. ఆటలోనూ మర్చిపోవడం ఉంది. 1867 నాటి క్వీన్స్‌బెర్రీ నియమాలతో బాక్సింగ్‌కి గ్లవ్స్, మూడు నిమిషాల రౌండ్లు ఖాయమయ్యాయి. గ్లవ్ కాపాడేది కొట్టేవాడి వేళ్లని. ఒట్టి పిడికిలితో నుదుటి ఎముక మీద బలంగా కొడితే మీ వాడి చెయ్యే విరుగుతుంది, రింగులో పెరిగినవాడికి ఆ సంగతి రోడ్డు మీద తెలుస్తుంది. జూడోలో కాళ్లు పట్టి పడెయ్యడాన్ని 2010 నుంచి తగ్గించుకుంటూ వచ్చి 2013కి పూర్తిగా తీసేశారు. కొత్తగా పోటీలకి తయారయ్యే పిల్లలకి దాన్ని కాచుకునే అవసరమే లేదు. తైక్వాండోలో 2012 లండన్ ఒలింపిక్స్ నాటికి, తన్ను తగిలితే తామే పాయింటు లెక్కేసే ఎలక్ట్రానిక్ కవచాలు వచ్చాయి. ఇప్పుడు చాలా పోటీల్లో ముందు కాలు గాల్లో పెట్టి పాయింటు కోసం తడుముకోవడమే చూస్తాం. నియమం ఎటు ఒంపితే విద్య అటు ఒరుగుతుంది.

2017లో చైనాలో షూ షియావొడాంగ్ అనే ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిపి ఆడే పోటీ) ఫైటర్, నెమ్మదిగా కదిలే చైనా సాము తైచీ నేర్పే ఒక మాస్టర్ని కొద్ది సెకన్లలో కింద పడేసిన వీడియో మీరూ చూసే ఉంటారు. ఇలాంటి చర్చ వచ్చిన ప్రతిచోటా దాన్ని తెచ్చి పెడతారు. నాకు మాత్రం ఆ మాస్టర్లో తాళ్లకి గుద్దుకున్న నేనే కనపడ్డాను.

ఇక నా కుడిచేతి చిటికెన వేలు సంగతి. మూడో ఏడు సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు, నేనూ మా బావా ఒక ప్రయోగం చేశాం. వెదురుకర్రలకి ఏసీ పైపులకి చుట్టే నల్ల ఫోమ్ చుట్టి టేపు వేశాం. క్రికెట్ హెల్మెట్లు, ప్యాడ్లు, బ్యాటింగ్ గ్లవ్స్. షరతు ఒకటే: చెప్పి కొట్టకూడదు. భోగి మర్నాడు పొద్దున్న తోటలో మొదలెట్టాం.

తిప్పుడు అన్నది అయిదు సెకన్లు కూడా నిలవలేదు. కర్ర తిరుగుతుండగా ఎదుటివాడు ఆగకుండా లోపలికి వచ్చేస్తాడు, లేదా ఊరికే మధ్యలో తన కర్ర పెడతాడు. తల మీద దెబ్బలు అనుకున్నంత పడలేదు. పడ్డవన్నీ చేతుల మీదే. పట్టులో ముందున్న వేళ్లే ఎదుటివాడికి అన్నిటికన్నా దగ్గర. బ్యాటింగ్ గ్లవ్‌లో దళసరి అంతా బంతి వచ్చే వైపే ఉంటుంది, కర్ర దెబ్బ మాత్రం పక్కనుంచి వస్తుంది. పది నిమిషాలకి నా చిటికెన వేలు వంకాయలా ఉబ్బింది. ఇప్పటికీ పూర్తిగా ముడవదు.

వస్తాదు గారు అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ అంతా చూశారు. నా వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి అన్నారు:

“ఏరా, చేతులు రెండూ ముందుకి చాపి నిలబడితే వేళ్లు కొట్టక నెత్తి కొడతాడేంట్రా? మొదటి నెల్లో నీకేం చెప్పేను?”

“వెనక చెయ్యి తుంటి దాటకూడదన్నారండి.”

“ఎందుకన్నాననుకున్నావు?”

“చూడ్డానికి బాగుంటుందనుకున్నానండి.”

ఆయన అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత వారం రోజులు ఎడం చేత్తోనే, పాత అడుగులన్నీ మళ్లీ వేయించారు, ఈసారి ఎదురుగా ఫోమ్ కర్రతో మా బావని నిలబెట్టి. నాలుగో అడుగులో ఒళ్లు ఏటవాలుగా ఎందుకు తిరుగుతుందో అప్పుడు తెలిసింది: వేళ్లు దెబ్బ దారిలోంచి తప్పుకోడానికి. మోకాలి దెబ్బకి ఎగరడం అన్నాం చూశారా, అది నిజానికి ఎగరడమే కాదు, ముందు కాలు వెనక్కి లాక్కుంటూ అదే ఊపున వాడి మణికట్టు మీద కొట్టడం. ఊరేగింపులో కనపడాలని కాలక్రమాన అది ఎగరడం అయిపోయింది. సామాను మొత్తం నా దగ్గరే ఉంది. ఏది దేనికో తెలియకుండా పదేళ్లు మోశాను.

తిప్పుడు వృథా అని కూడా అనను. మణికట్టు, పట్టు, భుజం దాంతోనే తయారవుతాయి. ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టినప్పుడు దగ్గరికి రానివ్వకుండా కొంతసేపు ఆపొచ్చు. దాంతో ఎవర్నో కొట్టేస్తాం అనుకోవడమే తప్పు.

మరి నిజం దెబ్బలాట? మా నాన్న చిన్నప్పుడు ఒక దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ల వంతు దగ్గర గొడవైంది. మావి శివారు పొలాలు, కాలవ నీళ్లు మాదాకా రావడమే గగనం. రాత్రి ఎవరో పైన బోదెకి అడ్డుకట్ట వేశారు. వస్తాదు గారు ఇంకొకరితో కలిసి వెళితే అవతల నలుగురున్నారు, ఒకడి చేతిలో పార. చీకటి, పిక్కల్లోతు బురద, ఒంటి మీద లుంగీ. అడుగులు ఎక్కడ వేస్తారు చెప్పండి? పార ఎత్తినవాడి మణికట్టు మీద ఒకటి, పక్కవాడి రొమ్ములో కర్ర కొనతో ఒక పొడుపు. “అంతే, లుంగీ ఎగ్గట్టి పరిగెత్తేను. మూడో దెబ్బ కొడదామని నిలబడితే అక్కడే పూడ్చేసేవోళ్లు” అని ఆయనే చెప్పేవారు. ఆ తర్వాత కేసు, ఏడాదిన్నర కోర్టు చుట్టూ తిరగడం. కర్రతో గెలిచింది రెండు క్షణాలు, ఆ రెండు క్షణాలకి లాయరుకి అమ్మింది ఒక గేదెని.

మన పందేల భాషలో చెబితే త్వరగా అర్థమవుతుంది. (చట్టం ఒప్పుకోదు, నేను వెళ్లమని చెప్పడం లేదు.) కత్తి కట్టిన పందెం చాలాసార్లు నిమిషంలో తేలిపోతుంది, ఒక్క ఎగురులో ఎంత మంచి పుంజైనా పోతుంది. కత్తి లేని డింకీ పందెంలో పుంజు దమ్ము, ఓర్పు బయటపడతాయి. ఆట డింకీ లాంటిది. రోడ్డు మీద గొడవ కత్తి కట్టింది, కట్టారో లేదో కూడా మీకు ముందు తెలియదు. డింకీలో ఆరితేరినంత మాత్రాన కత్తికి తట్టుకోలేం. అలాగని ఒక్కసారైనా తన్నించుకోని పుంజుని గంప కింద అందంగా పెంచితే అసలుకే మోసం.

మీ వాడి సంగతికి వస్తాను. కర్రసాముకి పంపండి. ఫీజు లేకుండా ఒక పెద్దాయన దొరకడం ఈ రోజుల్లో అదృష్టం. కానీ వెళ్లి ఒక గంట కూర్చుని చూడండి. పిల్లలు వరసలు మాత్రమే చేస్తున్నారా, ఎప్పుడైనా చెప్పకుండా కొట్టుకునే ఆట పెడుతున్నారా? పెట్టకపోతే ఆయన్ని అడగడానికి మొహమాటపడకండి. పంజాబ్‌వాళ్ల కర్రసాము గట్కాని చూడండి, పాయింట్లతో పోటీ పెట్టుకున్నారు. 2022లో పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో అది కేరళ సాము కలరిపయట్టు, మణిపూర్ సాము థాంగ్-తాలతో పాటు ఉంది. మన కర్రసాముకి కూడా అలాంటిది ఊరి స్థాయిలోనైనా పెట్టుకోవచ్చు, పాయింటు కోసం తడుముకునే జబ్బు రాకుండా చూసుకుంటే.

బాక్సింగ్ మంచిదే, నాకు కళ్లు తెరిపించింది అదే. అయితే పదకొండేళ్లకి తల మీద దెబ్బలు నాకు ఇష్టం లేదు. జూడో దొరికితే చేర్పించండి. అదీ దొరక్కపోతే సాయంత్రం ఊళ్లో చెడుగుడు ఆడనివ్వండి. నవ్వకండి. కూతకి వెళ్లినవాడి చీలమండ పట్టుకున్నాక వాడు ప్రాణం పెట్టి గుంజుకుంటాడు, నలుగురు మీద పడతారు, ఊపిరి సరిపోదు, ఎవరూ లెక్క ప్రకారం పడరు. 1990లో ఆసియా క్రీడల్లో కబడ్డీ అయి కూర్చున్న ఈ ఆట, ఎదురు తిరిగేవాడితో రోజూ పైసా ఖర్చు లేకుండా చేసే సాధన. నేను చిన్నప్పుడు కర్ర మోజులో పడి చెడుగుడుని చిన్నచూపు చూశాను. మా బావ మానలేదు. ఆ సంక్రాంతికి నా వేలు కొట్టింది వాడే.

ఫోమ్ కర్రలు తయారుచేసుకుంటే ఒక జాగ్రత్త. కర్ర కొనకి నాలుగు వేళ్ల మందం ఫోమ్ అదనంగా చుట్టండి. హెల్మెట్ గ్రిల్ సందులోంచి ఆ కొన దూరకూడదు. మాది దూరేది. మా బావ ముందు పన్ను ఒకటి ఇప్పుడు పెట్టుడుది.