పాప టేపుతో గ్రాఫైట్ పీకతాంది, ఇది చదువేనా సార్?

ఎర్రగుంట్ల నుంచి ఒకాయన అడిగినాడు. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని అంట, పాప బీఎస్సీ ఫిజిక్స్ సెకండియర్, పెన్సిల్ గీత మీద టేపు అంటించి పీకతా కూచుంటాది, గ్రాఫీన్ మీద రీసెర్చ్ చేస్తానంటాంది, దీంతో అన్నం పుడ్తాదా అని.

అన్నా, పాపది ఆట కాదు. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ అని ఇద్దరు గ్రాఫైట్ నుంచి ఒక్క పరమాణువు మందం పొర, అంటే గ్రాఫీన్, లేపింది టేపుతోనే, 2010లో నోబెల్ వచ్చింది కూడా దానికే. నాపరాయి సందులో ఉలి పెట్టి తడితే పలక లేస్తాది చూడు, గ్రాఫైట్‌దీ అదే కథ, పొర లోపల పట్టు గట్టి, పొరకీ పొరకీ మధ్య వదులు, కాకపోతే ఆ దూరం 0.335 నానోమీటర్లు, నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షలో వంతు.

పెన్సిల్ ములుకులో బంకమట్టి కలిసుంటాది కాబట్టి దాంతో మంచి పొర రాదని పాపకి చెప్పు. ల్యాబుల్లో పెద్ద పలుకుల గ్రాఫైట్ తీసుకుని టేపు మడిచి మడిచి పీకి, 300 నానోమీటర్ల ఆక్సైడ్ ఉన్న సిలికాన్ వేఫర్ (పల్చటి బిళ్ల) మీద ఒత్తి నిదానంగా లాగుతారు. అసలు పనంతా లాగేదానికి ముందే ఉంది, వేఫర్‌ని అసిటోన్‌తో కడగాల, ఆక్సిజన్ ప్లాస్మాలో (కరెంటుతో అయాన్లుగా మార్చిన వాయువు) పెట్టాల, ఒత్తినాక 100 డిగ్రీల దగ్గర కాసేపు వేడి చేస్తే మధ్యలో ఇరుక్కున్న తడి, గాలి పోయి పెద్ద పొరలు అంటుకుంటాయి. ఆ తర్వాత మైక్రోస్కోపు కింద గంటలు గంటలు వెతుకులాటే, ఒక్క పొర ఉన్నచోట రంగు రవ్వంత మారతాది అంతే. దొరికినా రామన్ పరీక్షలో, అంటే లేజర్ వెలుతురు కొట్టి చూసేదాంట్లో, 1350 cm⁻¹ దగ్గర పీక్ లేస్తే పొరలో లోపాలున్నట్టే, మళ్లీ మొదటికి. పాపకి ఈ ఓపిక ఉన్నట్టే ఉంది.

ఇంక అన్నం సంగతి. గ్రాఫీన్ పేరు మీద ఉద్యోగాలు మన దగ్గర తక్కువే, దాచేదేముంది. కానీ వ్యాక్యూమ్, ప్లాస్మా, రామన్ చేతికొస్తే సెమీకండక్టర్ చిప్పుల వైపు కూడా పోవచ్చు. అందుకే కోర్సు పేరులో నానో ఉందని ఎవరన్నా చెప్తే ఫీజు కట్టేయొద్దు, ముందు ఎంఎస్సీ ఫిజిక్స్, దానికి ఫైనలియర్‌లో ఐఐటీ జామ్ అనే ఎంట్రెన్స్ రాయాల. తర్వాత నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ కొడితే నెలకి 37,000 ఇస్తారు, పీహెచ్‌డీకి నువ్వు అప్పు చేసే పని లేదు.

కడపలోనే యోగి వేమన యూనివర్సిటీలో మెటీరియల్స్ సైన్స్, నానోటెక్నాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది కదా, ఒకరోజు పాపని తీసుకుపో. సార్లని కాదు, పీహెచ్‌డీ చేసే పిల్లల్ని అడగమను, ఎన్నేళ్లు పడ్తాంది, ఫెలోషిప్ నెలనెలా పడ్తాందా అని.