ఏమన్నావని అడిగితే ఏమీ లేదంటుంది

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మూడు నాలుగేళ్లుగా నా భార్య వంటింట్లో ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటోంది, ముఖ్యంగా పొద్దున పూట. ఏమన్నావని అడిగితే ‘ఏమీ లేదు’ అంటుంది. తననే తిడుతోందని మా అమ్మ బాధపడుతోంది. ఇదివరకు ఏదున్నా నా భార్య ముఖం మీదే చెప్పేది. చిన్న విషయాలకు రాద్ధాంతం చేయవద్దని అప్పట్లో నేనే వారించేవాణ్ని. ఈ సణుగుడు మాన్పించడం ఎలా?

జవాబు: మీరు వారించాక ఆమె చెప్పడం మానలేదు, గొంతు తగ్గించింది. పైకి అంటే రాద్ధాంతం, అనకపోతే కడుపులో మంట. తన మాట మీ చెవిన పడాలనీ ఉంది, పడితే గొడవవుతుందన్న భయమూ ఉంది. అందుకే ఆ ‘ఏమీ లేదు’.

దీన్ని ఆడవాళ్ల స్వభావంగా కొట్టిపారేయకండి. పై అధికారిని కాదనలేని సైనికులు మూతి ముడుచుకుని, మొండికేసి, పనిని సాగదీసి నిరసన తెలుపుతారని అమెరికా సైనిక వైద్యులు 1945లోనే రాసిపెట్టారు. ఎదురు చెప్పే వీలు లేనిచోట ఎవరైనా చేసేది ఇదే.

వారం రోజులపాటు ఆమె ఏమంటోందో పట్టించుకోకుండా, ఆ క్షణంలో ఏ పనిలో ఉందో చూడండి. ఒక పొయ్యి మీద ఇడ్లీ, రెండో పొయ్యి మీద పిల్లల డబ్బాలోకి కూర, ఈలోగా హాల్లోంచి ‘ఇంకో కాఫీ’ అన్న కేక. గిన్నె ఠపీమని గట్టు మీద పడేది, వెనకే రెండు మాటలు వచ్చేది చాలా ఇళ్లలో అప్పుడే. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవారిలో ఆడవారు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవారు 88 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. మీ ఇంట్లో లెక్క ఎలా ఉందో మీరే చూసుకోండి.

‘ఏమన్నావు?’ అని గుమ్మంలో నిలబడి అడగడం ఇక మానండి. అది నేరం ఒప్పుకోమన్నట్టు వినిపిస్తుంది. పిల్లలు బడికి వెళ్లాక, ఇద్దరే ఉన్నప్పుడు ‘పొద్దున నీ మీద పని బాగా పడుతోంది, రేపటి నుంచి డబ్బాలు నేను సర్దుతాను’ అనండి. అని, సర్దండి. మొదటిసారి ఆమె నోరు విప్పితే ఏళ్ల నాటి సంగతులన్నీ ఒక్కసారే బయటికి రావచ్చు. అందులో కొన్ని మీకు అన్యాయంగానూ తోచవచ్చు. ఆ పూట మాత్రం ఒక్క మాట కూడా సమర్థించుకోకండి. మళ్లీ ‘చిన్న విషయం’ అన్నారంటే ఆమె ఇంకెప్పుడూ చెప్పదు.

అమ్మగారికి ‘నీ గురించేనని అనుకోకు, సంగతేమిటో నేను కనుక్కుంటాను’ అని నచ్చజెప్పండి. వయసుతో వినికిడి తగ్గినవారికి మెల్లగా అన్న మాటల్లో అక్షరాలు సరిగా అందవు, గొంతులో విసురు మాత్రం అందుతుంది. మిగతాది వారే ఊహించుకుంటారు. ఆ ఊహల్ని మీ భార్య దాకా మోయకండి.

పని చేసుకుంటూ తనలో తాను మాట్లాడుకోవడం జబ్బు కాదు. ఎవరూ లేనప్పుడు ఎవరికో బదులిస్తున్నట్టు మాట్లాడటం, నిద్ర తగ్గిపోవడం, అకారణ అనుమానాలు కనిపిస్తే మాత్రం మానసిక వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేసినా దారి చెబుతారు. అవేవీ లేకుండా, ఒకటి రెండు నెలల తర్వాత కూడా ఆమె మీతో మనసు విప్పలేకపోతుంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. ఆమెను ఒంటరిగా పంపకండి, ఇద్దరూ వెళ్లండి.