పడకగదిలో అత్తగారి బీరువా

విశాఖ సీతమ్మధారలో రెండు పడకగదుల ఫ్లాటు. మీ గది 10 బై 11. మంచం పక్కనే అత్తగారి ఇనప బీరువా. పొద్దున్నే ఆవిడ తాళంచెవి పట్టుకుని తలుపు తోసుకొచ్చేస్తారు, బీరువా తలుపు మంచానికి తగిలి సగమే తెరుచుకుంటుంది, అక్కణ్నుంచి సణుగుడు మొదలు. పరుపు పైకి లేపితే కింద సామాను పెట్టుకునే హైడ్రాలిక్ మంచం కొంటే చోటు కలిసొస్తుందా అని అడిగారు.

రాదమ్మా. అది సామాను దాచుకోవడానికే, నేల మీద మాత్రం పాత మంచమంత చోటూ తింటుంది. పైగా లోపల గాలాడదు. మన సముద్రపు తేమకి పట్టుచీరలు బూజు పడతాయి, మంచం పార్టికల్ బోర్డుతో, అంటే చెక్కపొట్టు అదిమిన పలకతో చేసిందైతే ఉబ్బుతుంది.

లెక్క చూడండి. 10 అడుగుల గోడకి 5 అడుగుల మంచం నడిమధ్య వేస్తే పక్కన మిగిలేది రెండున్నర. బీరువా లోతు అడుగున్నర పోగా అడుగు. రెక్క వెడల్పే అడుగున్నర! మంచం ఓ పక్కకి జరిపితే రెక్క తెరుచుకుంటుంది, కానీ పొద్దున్నే ఆవిడ తలుపు తోసుకు రావడం ఆగదు. బీరువా ఆ గదిలోంచి పోవాలి.

ఎక్కడికంటే, జవాబు మీ ఉత్తరం చివర్లోనే ఉంది. రెండో గది హైదరాబాదులో ఉద్యోగం చేసే మరిదిగారిదట, పండక్కి వస్తే పడుకోవడానికి. అత్తగారేమో హాల్లో దివాన్ మీద. ఆ గది ఆవిడకిచ్చి బీరువా అక్కడ పెట్టించండి. ఆవిడ మీద రెండు పేజీలు రాశారు, మీ వారి గురించి మాత్రం "మంచివారే, గొడవలంటే పడదు" అని సరిపెట్టారు. నాకు ఆవిడ మీద కంటే ఆయన మీదే కోపం వస్తోంది. కన్నతల్లి హాల్లో పడుకుంటే తమ్ముడేమనుకుంటాడోనని నోరెత్తకపోవడం మంచితనమా? ఆవిడకి తలుపున్న గది ఇవ్వడం కొడుకులు చేసే ఉపకారం కాదు, వాళ్ల బాధ్యత. ఇంట్లో మరిదిగారికి వాటా ఉంటే ఉండనివ్వండి, తల్లి పడుకున్నంత మాత్రాన పోదు. పండక్కి ఆయనే దివాన్ మీద పడుకుంటారు.

మరిదిగారికి ఫోన్ మాత్రం మీరు చెయ్యకండి. వదిన గది లాక్కుందంటారు. మీ వారే మాట్లాడాలి, అదీ మీ పేరు ఎత్తకుండా.

బీరువాలో సామాను అత్తగారి చేతే తీయించండి, లాకర్ జోలికి మీరు వెళ్లొద్దు. ఖాళీ చేశాక అరలు కూడా ఊడదీసి, కింద తడి గోనెసంచులు వేసి ఈడ్పించండి, టైల్స్ గీరుకోవు. కొత్త చోట గోడకి రెండంగుళాలు ఎడం ఉంచాలి, లేకపోతే వెనక రేకు తుప్పు పడుతుంది. కాళ్లు సమంగా లేకపోతే రెక్కలు కలవవు, తాళం పడదు. ప్లైవుడ్ ముక్క పెట్టి సరిచేయండి. అట్టముక్క తేమకి నలిగిపోతుంది.

మీ మంచాన్ని కిటికీ లేని గోడవైపు జరిపి, దుప్పటి దోపుకోవడానికి అడుగు వదలండి. అవతల 4 అడుగులు వస్తుంది, ఇస్త్రీ బల్ల వేసుకున్నా నడవొచ్చు.

తాళంచెవికి మీ గదిలో పని లేకపోయాక కూడా ఆవిడ తలుపు తట్టకుండా వస్తే, అప్పుడు రాయండి.