రెండు వారాల అప్పు మూడు నెలలైనా తీరడం లేదు

ప్రశ్న: టెక్సస్‌లో ఎమ్మెస్ చేసి ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద ఉన్నాను. క్రెడిట్ హిస్టరీ లేక, అద్దె కోసం పేడే లోన్ (జీతం రాగానే తీర్చాల్సిన చిన్న అప్పు) షాపులో 500 డాలర్లు తీసుకున్నాను. రెండు వారాలకోసారి 110 డాలర్ల ఫీజు కట్టి గడువు పొడిగించుకుంటున్నాను. ఇప్పటికి 660 కట్టినా అసలు అలాగే ఉంది. కారు టైటిల్ (యాజమాన్య పత్రం) తాకట్టు పెడితే పెద్ద లోన్ ఇస్తామంటున్నారు. కట్టలేకపోతే వీసా పోతుందా?

జవాబు: ముందు ఆ టైటిల్ వాళ్ల చేతిలో పెట్టకండి. వాయిదా తప్పితే కారు పట్టుకుపోతారు, దాంతో మీకు ఉద్యోగానికి వెళ్లే దారీ పోతుంది.

వాళ్లు ఫీజు అంటున్నది వడ్డీయే. మన పద్ధతిలో లెక్కేస్తే నూటికి రెండు వారాలకు 22, నెలకు 44. ఊళ్లో నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటేనే హడలిపోతాం కదా! టెక్సస్‌లో ఈ షాపులు అప్పు ఇప్పించే మధ్యవర్తుల హోదాలో నడుస్తాయి. కాగితంలో వడ్డీ ఏడాదికి 10 శాతం దాటదు, ఆ పైన వాళ్లు వేసుకునే ఫీజుకు రాష్ట్ర చట్టంలో పరిమితి లేదు. అందుకే ఏపీఆర్ ఎంతో చూడాలి. ఫీజులు కూడా కలిపిన వార్షిక రేటు అది, మీ విషయంలో 570 శాతం పైనే. 1968 నాటి ట్రూత్ ఇన్ లెండింగ్ చట్టం ప్రకారం సంతకానికి ముందే దాన్ని రాసి చూపించాలి. దాటవేసినా, ఖాళీలున్న కాగితం మీద సంతకం అడిగినా లేచి వచ్చేయండి.

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ లాంటి నగరాల్లో గడువు పొడిగింపు మూడుసార్లకు మించకూడదు, ప్రతిసారీ అసలులో పావు వంతు తగ్గాలి. మీ షాపు ఉన్న ఊళ్లో ఈ నిబంధన ఉంటే రసీదులతో ఫిర్యాదు చేయండి.

ఈలోగా దగ్గర్లోని ఫెడరల్ క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకు లాంటిది) పేడే ఆల్టర్నేటివ్ లోన్, అంటే పేడే లోన్‌కు బదులుగా ఇచ్చే చిన్న అప్పు, ఉందేమో అడగండి. అన్నిచోట్లా ఉండదు. ఉన్నచోట వడ్డీ ఏడాదికి 28 శాతం, దరఖాస్తు ఫీజు 20 డాలర్లు దాటకూడదు. అది దొరక్కపోతే రూమ్మేట్లకో, ఇంట్లోవాళ్లకో చెప్పండి. పరువు పోతుందని దాచిన ప్రతి రెండు వారాలకూ మరో 110 డాలర్లు పోతున్నాయి.

అప్పు కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. దానికి జైలు లేదు, అదొక్కటే కారణంగా వీసా రద్దు కాదు. వసూలు ఏజెంట్లు అలా బెదిరించడం చట్టవిరుద్ధం, ఆ మెసేజ్‌లు దాచుకోండి. కోర్టు నోటీసు వస్తే మాత్రం గడువులోగా జవాబివ్వాలి. మీ ఖాతా నుంచి వాళ్లు డబ్బు లాగకుండా ఆపాలంటే, లాగే తేదీకి కనీసం మూడు పనిదినాల ముందే బ్యాంకుకు చెప్పండి.