కొవ్వాడకు ప్రశ్నలు పట్టుకుని వెళ్లే ముందు

అమ్మలూ,

కొవ్వాడలో పెడతామంటున్న అణు విద్యుత్ కేంద్రం గురించి అక్కడి మత్స్యకారులను అడగడానికి నువ్వు పంపిన ప్రశ్నల కాగితం రెండుసార్లు చదివాను. "వాతావరణ మార్పు గురించి మీకు ఎంత ఆందోళన ఉంది?" అని ఒక ప్రశ్న, దాని కిందే "అణు విద్యుత్తును సమర్థిస్తారా?" అని ఇంకొకటి. మొదటిదానికి ఎక్కువ మార్కులు వేసినవాళ్లు రెండోదానికీ వేస్తారని నువ్వు ముందే అనుకున్నట్టుంది. అలా రాదమ్మా. ఇన్నేళ్లు ఊళ్లల్లో సర్వేలు చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ కాగితం మార్చాకే బయలుదేరు.

బ్రిటన్‌లో కార్డిఫ్ యూనివర్సిటీ పరిశోధకులు 2005లో, మళ్లీ 2010లో దేశమంతటా దీని మీదే అడిగారు. వాతావరణం గురించి ఎక్కువ బెంగ ఉన్నవాళ్లే అణు విద్యుత్తును తక్కువ ఇష్టపడ్డారు. కానీ "భూతాపం తగ్గించడానికి పనికొస్తుందంటే కొత్త అణు కేంద్రాలకు ఒప్పుకుంటారా?" అని అడిగేసరికి సగం మందికి పైగా సరేనన్నారు. అణు విద్యుత్తుతో పాటు సౌర, పవన విద్యుత్తులను కూడా చూపిస్తే మళ్లీ వాటి వైపే మొగ్గారు. అంటే ఆ 'సరే' వేరే దారి లేకపోతే చెప్పే సరే. గాలీ నీరూ పాడవుతాయని దిగులుపడే మనిషికి అణు వ్యర్థాల దిగులు కూడా ఉంటుంది కదా. పార్టీలూ అంతే. ఫిన్లాండ్‌లో పర్యావరణం పేరుతో నడిచే గ్రీన్స్ పార్టీవాళ్లు 2022లో అణు విద్యుత్తుకు ఒప్పుకున్నారు. జర్మనీలో గ్రీన్స్ ప్రభుత్వంలో ఉండగానే 2023 ఏప్రిల్ 15న చివరి మూడు రియాక్టర్లూ ఆపేశారు.

ఇప్పుడు మన జిల్లా సంగతి. కొవ్వాడలో 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు పెట్టాలన్నది ప్రతిపాదన. నీ కాగితంలో "బొగ్గు కావాలా, అణు కావాలా?" అని ఉంది. ఆ ప్రశ్న శ్రీకాకుళంలో అడగకూడదు. 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రాలు వద్దని జనం బీల భూముల కోసం, అంటే నీళ్లు నిలిచే చిత్తడి నేలల కోసం నిలబడ్డారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. బొగ్గు వద్దన్న జిల్లా ఇది. ఇక్కడ అణు కేంద్రం వద్దన్నవాళ్లు బొగ్గు వైపు ఉన్నారని రాస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే. "రెండూ వద్దు", "ఏదైనా సరే కానీ మా ఊళ్లో వద్దు", "పరిహారం తేల్చాక చూద్దాం" అనే జవాబులకు కూడా చోటు పెట్టు.

వాతావరణ మార్పు అనే మాటతో మొదలుపెట్టకు. వేట ఎలా ఉంది, చేప ఎంత దూరం పోయింది, ఒడ్డు ఎంత కోసుకుపోయింది, 2014 హుద్‌హుద్‌లో, 2018 తిత్లీ తుపానులో ఏం పోగొట్టుకున్నారు అని అడుగు. గంటసేపు చెబుతారు. చెప్పనివ్వు. ఆ తర్వాత అణు కేంద్రం గురించి అడుగు. కొన్ని ఇళ్లల్లో మాత్రం వరస తిప్పి, అణు కేంద్రం గురించి ముందు అడిగి చూడు. తుపాను తలచుకున్నాక జవాబు మారుతోందో లేదో అప్పుడే తెలుస్తుంది.

వెళ్లడం వేట నిషేధం రోజుల్లో పెట్టుకో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు. మిగతా కాలంలో మగవాళ్లు చాలామంది గుజరాత్‌లో, వెరావల్ బోట్ల మీద ఉంటారు. ఆడవాళ్లతో విడిగా కూర్చో. చేపలు అమ్మి ఇల్లు నడిపేది వాళ్లే, వాళ్ల లెక్క వేరుగా ఉంటుంది. రెవెన్యూ వాళ్ల జీపు ఎక్కి మాత్రం ఊళ్లోకి దిగకు. భూసేకరణ చూసినవాళ్లు నిన్ను ఆ ఆఫీసు మనిషివే అనుకుంటారు, ఇక నిజం చెప్పరు.

"కరెంటు కేంద్రం నీళ్లు వేడిగా సముద్రంలో వదిలితే చేప ఉంటుందా?" అని తప్పకుండా అడుగుతారు. "ఫుకుషిమా ఇక్కడ జరగదని ఎవరు పూచీ?" అని, జపాన్‌లో జరిగిన ఆ అణు ప్రమాదం తలచుకుని కూడా అడుగుతారు. మాట దాటేయకు, అలాగని జవాబులు రాసుకోకముందే పాఠం చెప్పకు. కాగితం మూసేశాక తెలిసింది చెప్పు. అణు కేంద్రం కట్టడం నుంచి అన్నీ కలిపినా యూనిట్ కరెంటుకు సుమారు 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, బొగ్గుకు 820 గ్రాములు అని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2014 నివేదిక చెప్పింది. అది నిజం. వాళ్ల వలల భయం కూడా అంతే నిజం. ఒకదానితో ఇంకోదాన్ని కొట్టేయకు.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. "మీరు ఎవరి మాట నమ్ముతారు?" అన్న ప్రశ్న నీ కాగితంలో లేదు. కలెక్టరునా, శాస్త్రవేత్తనా, ఊరి పెద్దనా, ఎవరినీ కాదా? నా అనుభవంలో ఒప్పుకోవడం, కాదనడం తేలేది ఎక్కువగా అక్కడే. ఆ ప్రశ్న చేర్చి, సరే అన్నవాళ్లను "ఎందుకు, ఏ షరతు మీద?" అని అడగడానికి నాలుగు గీతల ఖాళీ వదిలి, కాగితం మళ్లీ పంపు. ఆదివారం లోపు చూసి ఫోన్ చేస్తాను.

మీ పెద్దమ్మ