ఔత్సాహిక బృందం కట్టుకున్నారా? ముందు పాడేవారి శ్రుతి తేల్చండి

కొత్తగా కట్టుకున్న ఔత్సాహిక సంగీత బృందంతో మూడు నెలలుగా రిహార్సల్స్ చేస్తున్నామని, ఐదు పాటలు కూడా కుదరడం లేదని, వారం వారం ఉత్సాహం తగ్గిపోతోందని, ఇలాంటి దశలో కొనసాగించడం మంచిదా, మానుకోవడం మంచిదా అని మీరు అడిగారు. మాది విజయనగరం. నేను వయొలిన్ వాయిస్తాను. ఉద్యోగం వేరు, సంగీతం వేరు. గత ఏడాది మేము ఆరుగురం కలిసి ఇలాంటి బృందాన్నే మొదలుపెట్టాము, మీరు రాసిన దశను దాటి వచ్చాము. కాబట్టి మానుకోవద్దనే చెబుతాను. అయితే మీరు రాసిన కష్టాల జాబితాలో సమయపాలన ఉంది, స్థలం కొరత ఉంది, మైకుల బాధ ఉంది కానీ అన్నిటికంటె ముఖ్యమైనది లేదు. మీ గాయకురాలు ఏ శ్రుతిలో, అంటే ఏ ఆధార స్వరం మీద పాడుతున్నారో మీరు రాయలేదు. కొత్త బృందాలు చెదిరిపోవడానికి ఆలస్యాలూ అహంకారాలూ కారణమని అందరూ అంటారు. అసలు కారణం, పాడేవారి గొంతుకు సరిపడని శ్రుతిలో అందరూ నెలల తరబడి పెనుగులాడడమేనని నా దృఢమైన అభిప్రాయం.

మాది తోటపాలెంలో ఒక మిత్రుని ఇంటి మేడమీది గది. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు రమ్మంటే ఐదున్నరకు అందరం చేరేవాళ్లం. కీబోర్డు, గిటారు, తబలా, నా వయొలిన్, ఒక గాయకుడు, డిగ్రీ చదువుతున్న ఒక గాయని. దసరాకు మా వీధి పందిట్లో ఐదు పాటలు పాడాలన్నది లక్ష్యం. ఐదు పాటలే కదా, ఎనిమిది ఆదివారాలు చాలుననుకున్నాము. ఏడో ఆదివారానికి ఒక్క పాట కూడా మొదటి నుంచి చివరి వరకు ఆగకుండా వాయించలేకపోయాము.

కీబోర్డు వాయించే మిత్రుడు పాటలన్నీ ఒకటి శ్రుతిలో, అంటే 'సి'లో నేర్చుకుని వచ్చేవాడు. తెల్లమెట్ల మీద చేయి సాఫీగా నడుస్తుంది కాబట్టి సొంతంగా నేర్చుకున్న చాలామంది అక్కడే స్థిరపడతారు. గిటారు అతనూ ఆ కార్డులకే అలవాటు పడ్డాడు, తబలా మిత్రుడు తన తబలాను ఒకటికే కలిపి తెచ్చేవారు, నేను కూడా మారు మాట్లాడకుండా నా తీగలు వాటికి కలుపుకునేవాడిని. గాయకుడికి ఆ శ్రుతి చక్కగా సరిపోయింది కూడా. సాధారణంగా మగవారి గొంతుకు ఒకటి నుంచి రెండు వరకు, ఆడవారి గొంతుకు 4½ నుంచి 6 వరకు, అంటే 'ఎఫ్ షార్ప్' నుంచి 'ఎ' వరకు శ్రుతి అనుకూలిస్తుందన్నది సంగీతం నేర్చుకున్న ప్రతివారికీ తెలిసిన విషయమే. నాకు తెలిసి కూడా నేను అడగలేదు. అది నా తప్పే.

ఆ అమ్మాయికి మేమిచ్చిన పాట పూర్వం ఒక గాయకుడు పాడిన సినిమా పాట. మంద్ర నిషాదం నుంచి తారస్థాయి మధ్యమం వరకు, అంటే కింది స్థాయి 'ని' నుంచి పై స్థాయి 'మ' వరకు తిరుగుతుంది. ఒకటి శ్రుతిలో చరణం పైకి వెళ్లినప్పుడల్లా ఆమె మెడ నరాలు పైకి తేలేవి, అక్షరాలు నలిగిపోయేవి, పల్లవికి తిరిగి వచ్చేసరికి ఊపిరి చాలక తాళం జారేది. తాళం జారగానే తబలా మిత్రుడు మొహం చిట్లించేవారు. ఆమె నెమ్మదిగా పాడుతోందని కీబోర్డు మిత్రుడు, ఆమెకు వినపడడం లేదని గిటారు అతను, అందరూ గట్టిగా వాయిస్తున్నారని నేను, ఇలా ఎవరికి తోచిన కారణం వారు చెప్పేవాళ్లం. ఆమె మాత్రం ప్రతిసారీ "ఇంకోసారి పాడతాను మాస్టారూ, ఈసారి సరిగా పాడతాను" అనేది. లోపం తనదేననుకుంది. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఆరో ఆదివారం రాత్రి ఆమె గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఏడో ఆదివారం ఆమెతో పాటు వాళ్ల అమ్మమ్మగారు వచ్చారు. పిల్ల గొంతు ఎందుకు పాడవుతోందో కళ్లారా చూడాలని వచ్చినట్టున్నారు. ఆవిడ వయసులో ఉండగా ఊరి భజన బృందంలో హార్మోనియం పక్కన కూర్చుని పాడినవారు. గుమ్మం దగ్గర కుర్చీ వేస్తే కూర్చుని, పల్లవీ మొదటి చరణమూ మాట్లాడకుండా విన్నారు. రెండో చరణం పై స్వరం దగ్గర పిల్ల ఆగిపోగానే ఆవిడ చేయెత్తి మమ్మల్నందరినీ ఆపారు.

"ఏటి బాబూ, పిల్లకి పాట కట్టారా, పాటకి పిల్లని కట్టారా? దాని గొంతుక అక్కడ లేదు. కిందకి దించండి."

గదిలో ఎవరమూ మాట్లాడలేదు. దించడమంటే ఎంత దించాలని కీబోర్డు మిత్రుడు అడిగాడు. ఆవిడ పిల్లను దగ్గరకు పిలిచి, ఏ వాద్యమూ లేకుండా పల్లవి పాడమన్నారు. అమ్మాయి తనకు హాయిగా ఉన్నచోట షడ్జం, అంటే 'స' పెట్టుకుని పాడింది. నేను వయొలిన్ మీద ఆ షడ్జాన్ని పట్టుకుని చూస్తే అది 5½ శ్రుతి. అంకె పెద్దదైనా ఇది మా ఒకటికి కిందనున్న స్థాయిలోని 5½. మేము ఆమెను ఏడు వారాలుగా ఆమె సొంత షడ్జం కంటె నాలుగు స్వరస్థానాలు (కీబోర్డు మీద నలుపూ తెలుపూ కలిపి నాలుగు మెట్లు) పైన పాడిస్తున్నామన్నమాట.

ఆ తరువాత జరిగిన అరగంట పని నాకు ఈ మొత్తం ప్రయాణంలో అన్నిటికంటె ఇష్టమైనది. 5½ అంటే 'జి షార్ప్'. వయొలిన్‌ను ఆ శ్రుతికి మేళవించడం నాకు సులువు. మామూలుగా పాశ్చాత్య పద్ధతిలో కలిపి ఉన్న వయొలిన్ అయితే కింది రెండు తీగలను ఒక్కొక్క స్వరస్థానం పైకి, పై రెండు తీగలను ఒక్కొక్క స్వరస్థానం కిందికి తెస్తే మనకు కావలసిన స-ప-స-ప కుదిరిపోతుంది. గిటారు అతను మొదటి మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి శ్రుతి పెంచే బిగింపు) బిగించి, 'జి'లో తనకు వచ్చిన కార్డులే వేశాడు. కీబోర్డు మిత్రునికి శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట వాడడం ఇష్టం లేదు, అది చేతకానివారి పనని ఎవరో చెప్పి ఉంచారు. ప్రతి స్థాయిలోనూ వేళ్లు ఆడేలా సాధన చేయడం గొప్ప విషయమే, కాదనను. కానీ ఆ సాధన పూర్తయ్యేదాకా ఒక అమ్మాయి గొంతు చించుకోవాలనడం న్యాయం కాదు. మీటను నాలుగు మెట్లు కిందికి పెట్టగానే అవే తెల్లమెట్లు 5½ పలికాయి.

అసలు చిక్కు తబలాతో వచ్చింది. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కీబోర్డుకు మీట ఉంటుంది, గిటారుకు కేపో ఉంటుంది, తబలాకు అలాంటివి లేవు. తబలా జతలో కుడిచేత్తో వాయించేదాన్ని కుడి అంటాము. ఒక్కో కుడికి దాని మూతి వెడల్పును బట్టి సహజమైన శ్రుతి ఒకటి ఉంటుంది. సుత్తితో కొట్టి ఒకటి రెండు స్వరస్థానాలు అటూ ఇటూ జరపవచ్చు, అంతకు మించి బిగిస్తే చర్మం తెగుతుంది, వదులు చేస్తే నాదం చచ్చిపోతుంది. ఒకటికి పలికే కుడిని 5½ దాకా దించడం కుదరదు. తబలా మిత్రుడు, "నా తబలా దీనికి రాదు, నన్ను వదిలేయండి" అని సుత్తి పక్కన పెట్టేశారు. ఆయనకు కోపం రావడంలో తప్పులేదు, ఎందుకంటే ఏడు వారాలుగా సరిగ్గా కలిపి తెచ్చిన మనిషి ఆయన ఒక్కరే.

అప్పుడు నాకు తోచినది, షడ్జానికి కుదరనప్పుడు మధ్యమానికో ('మ') పంచమానికో ('ప') కలిపే పద్ధతి. 5½లో మధ్యమం సరిగ్గా 1½, అంటే 'సి షార్ప్' దగ్గర పడుతుంది. అంటే ఆయన కుడిని ఒక్క స్వరస్థానం పైకి ఎత్తితే చాలు. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, ఏమీ అనకుండా సుత్తి తీసుకుని చుట్టూ ఒక్కొక్క దెబ్బే వేస్తూ ఎత్తారు. మా పాటలో మధ్యమం బలంగా ఉంది కాబట్టి అది చక్కగా అతికింది. మరొక పాట మోహన రాగం ఛాయలో ఉంది, అందులో మధ్యమమే లేదు. అక్కడ మధ్యమానికి కలిపిన తబలా మోగితే చెవిలో ముల్లు గుచ్చినట్టు ఉంటుంది. దానికి పంచమమే కావాలి. ఆ పాట కోసం ఆయన మరుసటి వారం తన గురువుగారి దగ్గర చిన్నమూతి కుడి ఒకటి అడిగి తెచ్చుకున్నారు. ఆదివారం ఒక్క కుడితో వచ్చే మనిషి రెండు కుడులు సంచిలో పెట్టుకుని స్కూటరు మీద రావడం చూసినప్పుడు, ఈ బృందం నిలబడుతుందని నాకు మొదటిసారి నమ్మకం కలిగింది.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి పాట మొత్తం పాడింది. రెండో చరణంలో పై స్వరం దగ్గర మేమందరం అలవాటు కొద్దీ బిగుసుకున్నాము. ఆమె దాన్ని ఇంటి మెట్టు ఎక్కినంత తేలికగా ఎక్కి, అక్కడ చిన్న గమకం కూడా వేసి దిగింది. ఆ గమకం మేము చెప్పినది కాదు, అంతకుముందు ఆమె ఎన్నడూ వేసినదీ కాదు. ఏడు వారాలుగా అది ఆమె గొంతులో ఉండే ఉంటుంది, వేయడానికి చోటు దొరకలేదు. దాని తరువాత వచ్చే వయొలిన్ బిట్ నాది. నేను ఆమె వదిలిన స్వరం మీదే కమాను వేసి అందుకున్నాను. ముప్ఫై ఏళ్లుగా వయొలిన్ పట్టుకుంటున్నాను, ఇంట్లో ఒంటరిగా వాయించుకున్నప్పుడు ఇటువంటి సంతోషం నాకు దొరకలేదు. మరొకరి గొంతు ఆగినచోట మన తీగ మొదలుకావడం, ఆ రెంటికీ మధ్య అతుకు కనిపించకపోవడం, ఇంత శ్రమకూ ప్రతిఫలం అదే. దానికోసం ఎన్ని ఆదివారాలైనా పెట్టవచ్చు.

ఈ సందర్భంలో మా ఊరి గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టిన ఊరిది. ఆదిభట్ల నారాయణదాసుగారు దాని తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పినవారు, ఘంటసాలవారు, సుశీలమ్మగారు అక్కడ చదువుకున్నవారు. ఆ గదుల్లో ఎవరు పాడడానికి కూర్చున్నా ముందు తంబురా పాడేవారి శ్రుతికే మేళవించేవారు, పక్కవాద్యాలు దానికే కలిసేవి. అది కచేరీ మర్యాద మాత్రమే కాదు, గొంతును కాపాడే ఏర్పాటు. అలాంటి ఊరిలో ఇప్పుడు పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ రికార్డు చేసిన ట్రాకు పెట్టి, అది ఏ శ్రుతిలో ఉంటే ఆ శ్రుతిలో పాడమని పిల్లల చేతికి మైకు ఇస్తున్నారు. ట్రాకు తనంతట తాను ఎవరి కోసమూ దిగదు, ఎవరి కోసమూ ఆగదు. దానితో పాడి పాడి పిల్లలు తమ షడ్జం ఎక్కడుందో తెలుసుకోకుండానే పెద్దవాళ్లైపోతున్నారు. మనుషులతో కలిసి వాయించే బృందాలు ఎంత చిన్నవైనా ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

శ్రుతి కుదిరాక మిగతా కష్టాలు పోలేదు. పాటల మొదళ్లు అందరికీ వచ్చు, ముగింపులే ఎవరికీ రావు. చాలా సినిమా పాటలు రికార్డులో చివరికి వచ్చేసరికి ధ్వని తగ్గుతూ మాయమైపోతాయి. వేదిక మీద మనం అలా మాయం కాలేము, కాబట్టి ప్రతి పాటకూ ముగింపు మనమే కట్టుకోవాలి. పల్లవి మొదటి పాదం మూడుసార్లు పాడి మూడోసారి సమం, అంటే తాళం మొదటి దెబ్బ మీద ఆగాలని మేము నిర్ణయించుకున్నాము, దాన్ని ఒక్కదాన్నే ఒక ఆదివారం అంతా వాయించాము. పాటకూ పాటకూ మధ్య ఎవరికి వారు తమ వాద్యం మీద ఏదో ఒకటి వాయిస్తూ ఉండడం మరొక జాడ్యం. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు కార్డులు వేయడం అమర్యాద అని మొహమాటం లేకుండా చెప్పాలి. ఆలస్యం సంగతికి వస్తే, వచ్చినవారితో నాలుగింటికే మొదలుపెట్టడం తప్ప నాకు మరో మార్గం కనిపించలేదు. ఒకరిద్దరు లేకుండా పాట మొదలైతే మిగిలినవారు త్వరగానే వస్తారు.

యుగళగీతంలో ఇద్దరి శ్రుతులూ వేరు కాబట్టి ఎవరో ఒకరు సర్దుకోక తప్పదు. మేము గాయకుడినే ఆ అమ్మాయి శ్రుతికి సర్దుకోమన్నాము, ఆయన పెద్దమనసుతో ఒప్పుకున్నారు. దసరా పందిట్లో ఐదు పాటలు అనుకున్నచోట మూడే పాడాము. ఆ మూడూ మొదటి నుంచి చివరి వరకు ఆగకుండా సాగాయి, మూడూ అనుకున్నట్టు సమం మీదే ముగిశాయి. అమ్మమ్మగారు ముందు వరుసలో కూర్చుని తొడ మీద తాళం వేస్తూ విన్నారు.

వచ్చే ఆదివారం మీరు పాటల జాబితా పక్కన పెట్టి, వాద్యాలన్నీ ఆపించి, పాడేవారిని ఒక్కొక్కరిని విడిగా పాడించండి. వారికి హాయిగా ఉన్న షడ్జం ఎక్కడుందో హార్మోనియం మీద గానీ, ఫోనులో దొరికే శ్రుతిపెట్టె మీద గానీ పట్టుకుని కాగితం మీద రాయండి. ఒక్కొక్క పాటకు అన్నిటికంటె కింది స్వరం ఏది, పై స్వరం ఏది అన్నది దాని పక్కన రాయండి. ఆ రెండూ గొంతుకు అందకపోతే శ్రుతి మార్చండి, శ్రుతి మార్చినా అందకపోతే పాటనే మార్చండి. ఆ కాగితంలోని వివరాలు ఇక్కడ రాస్తే, మీ గిటారుకు కేపో ఏ మెట్టు మీద బిగించాలో, తబలా షడ్జానికి కలపాలో, మధ్యమానికో, పంచమానికో నేను లెక్క వేసి చెబుతాను.