బీరు గొంతులో మండుతోంది, పారబోయాలా?

ప్రశ్న: ఇంట్లో 20 లీటర్ల బీరు తయారుచేశాను. కాస్త స్ట్రాంగ్‌గా ఉండాలని, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ అయిన మాల్ట్‌కి తోడు 2 కిలోల పంచదార వేశాను. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ మొదట 1.080 చూపించింది, ఇప్పుడు 1.010 దగ్గర ఆగింది. వేసిన ఈస్ట్ 11 గ్రాముల ప్యాకెట్ ఒక్కటే. గదిలో 29 డిగ్రీల వేడి. మూడు వారాలైంది. రుచి చూస్తే స్పిరిట్ వాసన, గొంతులో మంట. ఇంకా సీసాల్లో పట్టలేదు. మరిగిస్తే ఆల్కహాల్ పోతుందంటున్నారు. మరిగించాలా, పారబోయాలా?

జవాబు: రెండూ వద్దండీ. మరిగిస్తే ఆల్కహాల్ కొంత తగ్గే మాట నిజమే. కానీ దాంతోపాటు బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూల పరిమళం పోతుంది, బీరుకి ఉడుకు వాసన పడుతుంది, ఈస్ట్ చచ్చిపోతుంది. ఆ తర్వాత సీసాలో నురగ రమ్మన్నా రాదు.

మీ బీరులో రెండు వేరువేరు తప్పులు కలిసిపోయాయి. మొదటిది లెక్కకి అందుతుంది. 1.080లోంచి 1.010 తీసేసి, మిగిలిన 0.070ని 131తో హెచ్చవేయండి. సుమారు 9.2 శాతం ఆల్కహాల్. పంచదార పూర్తిగా పులిసిపోతుంది, చిక్కదనం ఏమీ మిగల్చదు. 20 లీటర్లలో 2 కిలోలంటే దాని వాటాయే దాదాపు 5 శాతం. మాల్ట్ ఇచ్చే కమ్మదనం అంతే ఉంది, ఆల్కహాల్ మాత్రం రెట్టింపు దాటింది. అందుకే పలచగా, ఘాటుగా తగులుతోంది.

రెండోది ఆ మంట. ఈస్ట్ వేడిలో, అదీ తక్కువ మోతాదులో ఉండి కష్టపడితే ఫ్యూసెల్ ఆల్కహాల్స్ అనే ఘాటైన వేరే రకం ఆల్కహాల్స్ ఎక్కువ తయారవుతాయి. గది 29 డిగ్రీలంటే, జోరుగా పులిసే రోజుల్లో డ్రమ్ము లోపల ఇంకా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉండి ఉంటుంది. ఏల్ అనే రకం బీరుకి వాడే మామూలు ఈస్ట్‌కి 18 నుంచి 20 డిగ్రీలు హాయి.

ముందు గ్రావిటీ, అంటే హైడ్రోమీటర్ చూపే అంకె, మూడు రోజులు వరసగా కొలవండి. కదలకపోతేనే ముందుకెళ్లండి. పులవడం మిగిలుండగా మూత బిగిస్తే సీసాలు పగులుతాయి, ఇందులో తొందర పనికిరాదు.

తర్వాత మూడు గ్లాసులు తీసుకోండి. మూడింటిలోనూ 100 మిల్లీలీటర్ల బీరు పోయండి. ఒకటి అలాగే ఉంచండి. రెండోదానిలో 20 మిల్లీలీటర్ల నీళ్లు కలపండి, అది 7.7 శాతానికి దిగుతుంది. మూడోదానిలో 4 శాతం ఉండే మెత్తటి బీరు 100 మిల్లీలీటర్లు కలపండి, 6.6 అవుతుంది. మరీ చల్లగా తాగితే ఘాటు దాక్కుంటుంది కాబట్టి కాసేపు బయట ఉంచి రుచి చూడండి. నా అనుభవంలో మూడో గ్లాసే గెలుస్తుంది. నీళ్లు ఘాటుతో పాటు మాల్ట్ రుచినీ పలచన చేస్తాయి, మరో బీరైతే ఆ రుచిని తిరిగి తెస్తుంది. అందుకే పంచదార లేకుండా, మాల్ట్ చిక్కగా ఉండే 4 శాతం బీరు ఒకటి చేసి దీనిలో కలపమంటాను. నీళ్లే కలపాల్సి వస్తే పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి చల్లార్చండి. ఏది కలిపినా గొట్టంతో అడుగు నుంచి మెల్లగా వదలండి. చిలికినట్టయితే గాలి చేరి తడిసిన అట్ట వాసన వస్తుంది.

మిగతాది కాలం చూసుకుంటుంది. నేనూ ఒకసారి వర్ట్ (ఇంకా పులవని తీపి మాల్ట్ ద్రవం) పూర్తిగా చల్లారక ముందే ఈస్ట్ వేశాను. రెండో నెలలో తీసిన సీసా మింగుడుపడలేదు. ఆరో నెలలో మంట తగ్గి ఎండుపండ్ల వాసన మొదలైంది. ఏడాదికి ఇంటికొచ్చిన వాళ్లకి ధైర్యంగా పోశాను. మంట పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను, మెత్తబడింది. సీసాలు చల్లని చీకటి చోట ఉంచండి.

ఒక్క విషయం చూసుకోండి. వాసన గోళ్ల రంగు తుడిచే ద్రవంలా ఉన్నా, పుల్లటి వెనిగర్ రుచి తగిలినా ఈ ఉపాయాలేవీ పనిచేయవు. అప్పుడు మాత్రం పారబోయక తప్పదు. మీరు స్పిరిట్ వాసన, మంట అన్నారు కాబట్టి అక్కడిదాకా వచ్చి ఉండదనుకుంటాను.

ఈసారి పంచదార అర కిలో దాటనివ్వకండి. ఇంత గ్రావిటీకి రెండు ప్యాకెట్ల ఈస్ట్ కావాలి. వర్ట్‌ని 18 డిగ్రీలకి దించాకే వేయండి, మొదటి మూడు రోజులు డ్రమ్ముని నీళ్ల తొట్టిలో నిలబెట్టి, ఐస్ సీసాలు మారుస్తూ ఉండండి. ఆ మంటంతా పుట్టేది ఎక్కువగా ఆ మూడు రోజుల్లోనే.